రివర్స్ గేరు సారు

ఆ రోజుల్లో అనగానే పలకా బలపం, చిరుగుల నిక్కరూ వస్తాయని ఆశపడకండి. నేను చెప్పేది మొన్నమొన్నటి సంగతి. మాస్కులు ముక్కు మీంచి గడ్డం కిందికి జారి, సెలవు శుక్రవారం నుంచి ఆదివారానికి మారి, ఏ పొద్దున ఆలస్యంగా లేవాలో ఒంటికింకా తెలియని రోజులు. నాకప్పుడు నలభై రెండేళ్లు. అయినా అది నా పసితనమే. కొత్త కొలువులో చేరినవాడు ఏ వయసులోనైనా పసివాడే కదా. అబూధాబీ పక్కన ఐకాడ్ కార్మికుల క్యాంపులో మకాం, పట్నంలో ఒక ఆటల క్లబ్బుకు వ్యాను తోలడం పని. గదిలో ఎనిమిది మందిమి. అంతమంది ఉన్నచోట ఒంటరితనమేమిటని మీరడగొచ్చు. అందరూ ఎవరి ఫోన్లో వాళ్లు, ఎవరి ఊళ్లో వాళ్లు ఉండేవారు. నాకేమో కథ చెప్పందే తిన్నది అరగదు. (బావిలో పడ్డ ఎలుగుబంటిని తలపాగా వేసి పైకి లాగిన మొనగాణ్ణి నేనే. ఎలుగుబంటి సంగతి ఎలా ఉన్నా, బావి మాత్రం నిజం.) నోరు తెరిస్తే చాలు, కింది మంచం మామ, కోరుట్ల దిక్కు ఆయన, దుప్పటి ముసుగులోంచే అనేవాడు: "ఎలుగుబంటేనా? అది పోయిన వారమే సచ్చింది గదరా. పండుకో."

అలాంటి కరువులో దొరికాడు కోచ్ సారు. అమెరికా ఆయన. మెడ అనేది లేకుండా తల నేరుగా భుజాల మీదే మొలిచినట్టుండేవాడు. ముందు సీట్లో కూర్చుంటే వ్యాను ఆయన పక్కకు ఒరిగేది. ఆయనకూ పిల్లాజెల్లా ఎవరూ లేరు. ఫ్లాటు నుంచి మైదానానికీ, మైదానం నుంచి ఫ్లాటుకూ నేనే తోడు. వాళ్ల దేశపు ఫుట్‌బాల్‌లో పెద్ద పెద్ద టీముల్లో ఆడాడట. ఏమాడేవారు సార్ అంటే "రన్నింగ్ బ్యాక్" అన్నాడు. నేను తలూపాను. (డ్రైవరు నేర్చుకోవలసిన మొదటి విద్య అది.) కుర్రతనంలో స్టేడియం స్టేడియమంతా తన పేరు అరిచేదట. ఒక మోకాలు పోయాక అరుపు తగ్గిందట, రెండోది పోయాక టీమే వద్దందట. "మా ఆటలో ముప్పై ఏళ్లవాడు తాత" అన్నాడు. తర్వాత కాలేజీలో కోచ్, ఆపైన బళ్లో కోచ్, ఒక్కో మెట్టే దిగుతూ దిగుతూ ఈ ఇసుకలో కాలు పెట్టాడు. (ఆయన ఇంగ్లీషు నాకు సగం అర్థమయ్యేది, మిగతా సగం నేనే కల్పించుకునేవాణ్ణి. ఇప్పుడు రాస్తున్నది ఏ సగమో నన్నడక్కండి.) సొంత ఊరికి మాత్రం ఆనాటి నుంచి పోలేదట. "భుజాల మీద మోసి ఊరేగించిన ఊరు. అక్కడికి కుంటుకుంటూ, ఖాళీ చేతులతో ఎలా పోను?" అన్నాడు. ఇది ఇంగ్లీషుతో పనిలేకుండానే అర్థమైంది. మా క్యాంపులో సగం మంది సెలవు వాయిదా వేసుకునేది ఇందుకే.

నా ఎలుగుబంటి కథ విని ఆయన డ్యాష్‌బోర్డు చరుస్తూ నవ్వాడు. మర్నాడు వ్యానెక్కుతూనే, "ఎలుగుబంటి కులాసానా?" అని అడిగాడు. అంతే, నాకు మనిషి దొరికాడు.

దొరికిన మనిషి నెల తిరక్కుండానే పోయేట్టు కనిపించాడు. క్లబ్బు ముదీరు, అంటే మా అందరి మీది మేనేజరు, ఆయన్ని పిలిచి తేల్చేశాడు: ఆట నేర్చుకునే పిల్లలు ఆరుగురే, ఆదివారం తల్లిదండ్రుల ముందు ఒక ఆట ఆడి చూపించు, కొత్త పిల్లలు చేరితే సరే, లేకపోతే ఖలాస్, ఇంటికి టికెట్టు. ఆడి చూపిద్దామంటే ఎదురు టీమేది? కోచ్ సారు వ్యాన్లో మోకాళ్లు రుద్దుకుంటూ కూర్చున్నాడు. ఈయన పోతే ఇక ఎలుగుబంటి క్షేమం అడిగేదెవరు? "నేనున్నా సార్! నేను జిల్లా కబడ్డీ చాంపియన్ని. మనుషుల్ని పట్టుకురావడం నా పని" అనేశాను. (జిల్లా అంటే మా ఊరు, వాగు అవతలి ఊరు.)

క్యాంపులో పది మందిని పోగు చేసి ఆట వివరించబోతే మామ అడ్డం తగిలాడు.

"బంతి గుండ్రంగ లేదంటివి. కాలుతోని తన్నుడు తక్వనే అంటివి. మల్ల దానికి ఫుట్‌బాలని పేరెందుకురా?"

"ఆళ్ల దేశంల గంతే మామా."

"మరి మీ సారేం జేస్తడు?"

"రన్నింగ్ బ్యాక్."

"అంటే?"

వ్యాను తోలేవాడికి బ్యాక్ అంటే ఒకటే అర్థం. "ఎనుకకు ఉరుకుతడు మామా. రివర్స్‌ల."

"అద్దాలు లేకుంటనే?" మామ నోరు తెరిచాడు. "నీ బండి ఎనుకకొస్తె పీప్ పీప్ మంటది. మరి ఈయన?"

"మీరైతే ఆయన ఎనుక నిలబడుండ్రి. దొరుకుతడు."

ఆదివారం వచ్చింది. తల్లులు, తండ్రులు, ముదీరు కుర్చీల్లో కూర్చున్నారు. కోచ్ సారు కోడిగుడ్డు ఆకారం బంతిని చంకలో ఇరికించుకుని, అవతలి గీత వైపు ముఖం పెట్టి వంగాడు. మా పది మందీ సేఫ్టీ బూట్లతో, చేయీ చేయీ గొలుసులా పట్టుకుని, సరిగ్గా ఆయన వీపు వెనక మోహరించారు. ఈల మోగింది. ఆయన ముందుకు చూశాడు, ఏ పిట్టా లేదు. వెనక్కి చూశాడు, పది మంది తొడలు చరుస్తున్నారు. కాసేపు ఆయన ఆగాడు, కాసేపు వీళ్లు ఆగారు. "పీప్ అంటలేడేందిరా?" అన్నాడు మామ. చివరికి ఆయన కుంటుకుంటూ తీరిగ్గా నడిచివెళ్లి, గీత అవతల బంతి పెట్టి వచ్చాడు. కుర్చీలన్నీ గొల్లుమన్నాయి. ఇదేమిటని నన్నడిగి, నా జవాబు విని, రన్నింగ్ బ్యాక్ అంటే బంతితో ముందుకు ఉరికేవాడని చెప్పి, ఆ కొండంత మనిషి గడ్డి మీద కూలబడి కళ్ల వెంట నీళ్లొచ్చేలా నవ్వాడు.

కళ్లు తుడుచుకుని బంతి నా చేతిలో పెట్టాడు. "ఇప్పుడు నువ్వు. ఆ గీత దాకా." ఎదురుగా ఆరుగురు పిల్లలు. నేను నేలను మొక్కి, దమ్ము బిగబట్టి, కబడ్డీ కబడ్డీ అని కూతకెళ్లాను. ఆ కూతకు పిల్లలు బిత్తరపోయారు. ఒకడు మాత్రం నా బెల్టుకు వేలాడాడు. వాణ్ణి ఈడ్చుకుంటూ పోయి గీత తాకాను. ఇంగితమున్నవాడు అక్కడ ఆగుతాడు. కబడ్డీ ఆడిన కాలు ఆగుతుందా? వెనక నుంచి మామ గొంతు చించుకుంటున్నాడు: "ముట్టినవ్ కొడుకా! వాపస్ రా! దమ్ము ఇడ్వకు, వాపస్!" కోచ్ సారు "స్టాప్! స్టాప్!" అని అరుస్తున్నాడు. ఎదుటివాడు ఆగమంటే మనం ఇంకా ఉరకాలి కదా. బంతితో, బెల్టుకు వేలాడే పిల్లాడితో సహా మైదానం పొడుగునా వెనక్కి ఉరికి, మా గీత మీద పడ్డాను. మావాళ్లు నన్ను పైకెత్తి ఎగరేశారు. కుర్చీల్లో వాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు, ముదీరుతో సహా. ఆ సాయంత్రమే బోలెడుమంది పిల్లలు చేరారు. ఒక తల్లి "ఆ కబడ్డీ అంకుల్ రోజూ ఉంటారా?" అని కూడా అడిగింది.

తిరుగు దారిలో కోచ్ సారు అడిగాడు: "గీత తాకాక వెనక్కెందుకు వచ్చావు?"

"రాకపోతే ఔటే కద సార్. అవతల ఎంతమందిని ముట్టుకున్నా, దమ్ముండంగ మన గీతకు చేరాలి."

"ఒక్కణ్ణీ ముట్టుకోకుండా వస్తే?"

"ఏం కాదు సార్. ఖాళీ చేతులతోని వచ్చినా, వచ్చినోడు ఔట్ కాడు."

దిగేటప్పుడు ఆయన ఎలుగుబంటి క్షేమం అడగడం మరిచాడు.

వారం తిరిగేసరికి ముదీరు ఆయన్ని ఉండమన్నాడు, ఆయన ఉండనన్నాడు. "ఊరికి పోతున్నాను" అన్నాడు నాతో, "ఖాళీ చేతులతో." పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి నిజం చెబితే అది నా కొంపే ముంచింది! ఆ నిబంధన నేను అల్లిందే సార్ అని ఎయిర్‌పోర్టు దాకా నాలుక చివరికి వస్తూనే ఉంది. వెయ్యి అబద్ధాలాడిన నోరు, ఆ ఒక్కటీ ఆడలేకపోయింది. ఆయన పెట్టె దించుకుని, నా భుజం మీద చెయ్యేసి, "ఎలుగుబంటి జాగ్రత్త" అన్నాడు. అద్దాల తలుపు దాకా కుంటుకుంటూనే వెళ్లాడు గాని, కాస్త తొందరగానే వెళ్లాడు.

ఇప్పుడు ముందు సీట్లో ఈత నేర్పే మేడమ్ కూర్చుంటుంది, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని. మామ కూడా ఊరికెళ్లి తన గీతకు చేరిపోయాడు. కింది మంచంలోకి కొత్తగా వచ్చిన కుర్రాడు ఎలుగుబంటి ఉన్నదో చచ్చిందో అడగడు. నా సెలవు ఈ ఏడూ వాయిదా పడింది; సూట్‌కేసు ఇంకా నిండలేదు లెండి. మైదానం పక్కన వ్యాను రివర్స్ చేసినప్పుడల్లా అది పీప్ పీప్ మంటుంది, అద్దంలో ఆ నలభై రెండేళ్ల పసివాడు బంతి చంకలో పెట్టుకుని, వెర్రి ముఖంతో, వెనుదిరిగి ఉరుకుతూ కనిపిస్తాడు. వాపస్ అన్నారు, వచ్చేశాడు. చేతిలో ఏముందని ఒక్క క్షణం చూసుకోలేదు, పిచ్చిసన్నాసి. వాణ్ణి చూసి నవ్వుకుంటాను. నవ్వుకుంటూనే, మేడమ్‌కు వినబడకుండా, పెదవుల మధ్య కబడ్డీ కబడ్డీ అనుకుంటూ ఉంటాను. కూత తెగలేదని నాకు నేను వినిపించుకోవాలి కదా.