చుక్కి కంటి పరీక్ష

1971 డిసెంబరులో, యుద్ధం మొదలైన మూడో రోజున, జిల్లా పశువైద్యాధికారి నుంచి నాకొక ఆర్డరు వచ్చింది. అప్పుడు నేను కొత్తగూడెం నుంచి చండ్రుగొండ వెళ్లే వైపు, అడవి అంచున ఉన్న ఒక ఊళ్లో పశువైద్యుణ్ణి. సర్వీసులో చేరి రెండేళ్లు కూడా నిండలేదు. మా వైపు వలంటీర్లతో ఒక గుర్రపు దళం ఏర్పాటు చేస్తున్నారు, ఆ గుర్రాలను పరీక్షించి ఫిట్‌నెస్ సర్టిఫికెట్లు ఇవ్వాలి. అదీ ఆర్డరు.

దళం అంటే ఎక్కువ ఊహించుకోవద్దు. పదకొండు మంది మనుషులు, పదకొండు పొట్టి గుర్రాలు. మనుషులు అడవి సంతలకు ఉప్పు, చింతపండు గుర్రాల మీద వేసుకెళ్లి అమ్ముకునేవాళ్లు. పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు బొగ్గు వ్యాగన్లు నడిచే రైలు వంతెన దాకా గస్తీ తిరగాలి, దానికి రోజుకింత భత్యం, మిగతా వేళ ఎవరి పని వారిది. వీళ్లకు నాయకుడు పింఛను పుచ్చుకుంటున్న ఒక హవల్దారు.

మొదటి కవాతు చూసి నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఏళ్ల తరబడి ఇంటింటికీ ఉప్పు చేరవేసిన గుర్రాలు కదా, దారిలో తెలిసిన ప్రతి గుమ్మం ముందూ ఠక్కున ఆగేవి. అందరికన్నా ముందు ఆగేది చుక్కి. నుదుట తెల్ల మచ్చ ఉన్న ఆడగుర్రం. దాని యజమాని బుచ్చయ్యకు ఉన్న ఆస్తి అదొక్కటే. అది లేకపోతే సంత లేదు, సంత లేకపోతే పొయ్యి వెలగదు.

చెయ్యవలసిన పరీక్ష గ్లాండర్స్‌కు. గుర్రాల నుంచి మనుషులకూ అంటుకునే రోగం అది, ప్రాణం తీస్తుంది. గుర్రం కింది కనురెప్పలోకి మాలీన్ అనే మందు చుక్కంత ఎక్కిస్తాం. నలభై ఎనిమిది గంటలకు చూడాలి. మొదటి రోజు రెప్ప కాస్త ఉబ్బి తగ్గిపోవడం మామూలే, అప్పటికీ రెప్ప బాగా ఉబ్బి చీము కారితే రోగం ఉన్నట్టు. రోగం ఉన్న గుర్రాన్ని చంపెయ్యాలని చట్టం. అనుమానంగా ఉంటే విడిగా కట్టేసి, రక్తం హైదరాబాదు పంపి, జవాబు వచ్చేదాకా ఆగవచ్చు.

సూది వేసే ముందు నేనొక ఉపన్యాసం ఇచ్చాను. ఆ ఊళ్లలో గుర్రానికి ఏం వచ్చినా వాత పెట్టడమో, పసరు పూయడమో అలవాటు. అది నాకు ఒళ్లు మండే విషయం. నా సూది మీద ఎవరైనా నాటువైద్యం చేశారని తెలిస్తే దళం జాబితాలోంచి ఆ మనిషి పేరు కొట్టేస్తానని చెప్పాను. అందరూ తలలూపారు.

రెండు రోజుల తర్వాత పది గుర్రాల కళ్లు శుభ్రంగా ఉన్నాయి. చుక్కి కన్ను మూసుకుపోయి ఉంది, రెప్ప నుంచి చీము కారుతోంది. బుచ్చయ్యను ఏమైనా పూశావా అని అడిగాను. లేదన్నాడు. నేను పుస్తకంలో పాజిటివ్ అని రాశాను. నాకు అనుమానం రాలేదు. పైగా యుద్ధకాలం, దళం ఆలస్యం కాకూడదు అనుకున్నాను.

మధ్యాహ్నం ఊరి బయట గొయ్యి తవ్వించి, పోలీసు జవాను చేత కాల్పించాం. చుక్కి గొయ్యి దాకా బుచ్చయ్య వెంట మామూలుగా నడిచి వచ్చింది. సున్నం వేసి పూడ్చే ముందు, నా రికార్డు కోసం, చేతులకు తొడుగులు వేసుకుని దాన్ని కోసి చూశాను. గ్లాండర్స్ ఉంటే ముక్కు లోపల పుండ్లు, ఊపిరితిత్తుల్లో కణుతులు కనిపించాలి. ఒక్కటీ లేదు.

బుచ్చయ్యను పక్కకు పిలిచి మళ్లీ అడిగాను. ఈసారి గొంతు పెంచలేదు.

"సూదేసిన తెల్లారి రెప్ప జర్ర ఉబ్బింది సార్. మీరొచ్చేసరికి తగ్గకపోతె దళంల నుంచి తీసేస్తరని జిల్లేడు పాలు రాసిన. మా అయ్య గట్లనే రాస్తుండె."

"అడిగినప్పుడు ఎందుకు చెప్పలేదు?"

"పేరు కొట్టేస్తనంటిరి గదా సార్."

జిల్లేడు పాలు కంటికి తగిలితే ఏ కన్నయినా అలాగే అవుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. జరిగింది జరిగినట్టు పైకి రాశాను. ముందుముందు జాగ్రత్త వహించమని ఒక మెమో వచ్చింది, ఫైలు మూసేశారు.

చుక్కిని పూడ్చిన వారం లోపే యుద్ధం ముగిసింది. దళాన్ని రద్దు చేశారు. వంతెనకు ఏమీ కాలేదు, శత్రువు మా వైపు రానేలేదు. దళం లెక్కలో పోయిన ప్రాణం చుక్కి ఒక్కటే. తర్వాతి సంతకు పది గుర్రాలు వచ్చాయి. బుచ్చయ్య వాటి వెనక, భుజాన కావడి వేసుకుని ఉప్పు మోసుకొచ్చాడు. నన్ను చూసి దండం పెట్టాడు. ఏమైనా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఆ తర్వాత ముప్పై ఏళ్లు ఉద్యోగం చేశాను. పశువును ముట్టుకునే ముందు, ఇంట్లో ఏం పూశారని ప్రతి ఒక్కరినీ అడిగాను. చెప్పినవాళ్లను ఒక్కసారీ తిట్టలేదు.