సబ్బు నీళ్ళు పోసి చూడమన్నందుకు

"ఆగు నాయనా, అప్పుడే ఆపకు. టర్బో బండి ఇది. అంత దూరం పరుగెత్తించి టక్కున తాళం తిప్పేస్తే, నిప్పులా కాలుతున్న టర్బోలో నూనె మాడి బొగ్గవుతుంది. రెండు నిమిషాలు ఊరికే ఆడనీ."

తాళం మీంచి చెయ్యి తీసేశాను. పక్క సీట్లో కూర్చున్న మేస్త్రీ నా వైపు చూడలేదు. షెడ్డు గోడకి వేలాడుతున్న పానాల వరసను చూస్తూ అన్నాడు: "ఈ మాటతోనే మా తమ్ముణ్ణి దూరం చేసుకున్నాను."

ఆయన్ని అందరూ చుక్కల మేస్త్రీ అంటారు. తను బిగించిన ప్రతి నట్టు మీదా పసుపు రంగుతో ఒక చుక్క పెడతాడు. నట్టు కదిలితే చుక్క విరుగుతుంది, చూడగానే తెలిసిపోతుంది. ఈ రెండు తలుపుల పాత కారును నేను కొన్నది పోయిన నెలలో. అంతకుముందు ఏళ్ళ తరబడి ఎవరిదో గోదాములో టార్పాలిన్ కింద పడి ఉంది. పుస్తకాలు చూసి నేర్చుకున్న పని నాది. ప్లగ్గులు మార్చాను, ఫిల్టర్లు మార్చాను, గాలిని కొలిచే సెన్సరు శుభ్రం చేశాను. రోగం మాత్రం తగ్గలేదు. ఇంజన్ చల్లగా ఉంటే బండి బంగారం. వేడెక్కాక మూడో గేరులో గట్టిగా తొక్కితే ఉస్సూరుమంటుంది, వెనక నల్లటి పొగ. బానెట్ కింద ఎక్కడ చూసినా పసుపు చుక్కలే కనబడుతుంటే, అవి పెట్టిన మనిషి కోసం వాకబు చేసుకుంటూ ఇక్కడికి వచ్చాను. ఆయన బండి చుట్టూ ఒకసారి తిరిగి, "మా తమ్ముడిది" అని మాత్రం అన్నాడు. పద, నడిపి చూపించు అన్నాడు. అలా వెళ్ళి వచ్చాం.

ఇంజన్ ఆడుతూనే ఉంది. ఆయన చెప్పసాగాడు.

"తుక్కు కింద పోవాల్సిన బండి. నేనూ తమ్ముడూ రెండేళ్ళ పాటు సెలవు రోజులన్నీ దీనికే ధారపోశాం. వాడు బస్సు డ్రైవరు. వాడి బస్సులో నిలబడ్డవాళ్ళు కడ్డీ పట్టుకునే పని ఉండేది కాదు, అంత మెత్తగా నడిపేవాడు. ఒకరోజు వచ్చి, 'అన్నయ్యా, వేడెక్కాక లాగడం లేదు, పొగ వస్తోంది' అన్నాడు. నేను బానెట్ ఎత్తి చెవి పెట్టాను. అంతే, ఇంకేం చూడలేదు. టర్బో పోయిందిరా, వేడి మీద ఆపేస్తున్నావు అన్నాను. ఒట్టేసి చెప్పాడు, ప్రతిసారీ రెండు నిమిషాలు ఆగుతున్నానని. 'ఎక్కడైనా గాలి పోతోందేమో, ఒక్కసారి సబ్బు నీళ్ళు పోసి చూద్దాం అన్నయ్యా' అన్నాడు."

"మీరేమన్నారు?"

"నా చెవి మీద నాకున్న పొగరు అంతా ఇంతా కాదు. పైగా షెడ్డులో ఆరుగురు మనుషులు. 'ఇంకా నయం, ఒళ్ళు తుడిచి పౌడరు కూడా రాయమనలేదు' అన్నాను. అందరూ పడీపడీ నవ్వారు. అక్కడితో ఊరుకున్నా సరిపోయేది. 'అంతమందిని ఎక్కించుకుని తిరుగుతావు, అసలు నీకు నడపడం వచ్చని ఎవడన్నాడురా' అన్నాను."

ఆపమని సైగ చేశాడు. ఆపాను.

"మర్నాడే బండికి తాడు కట్టి లాక్కెళ్ళి అమ్మేశాడు. పదకొండేళ్ళయింది. ఫోనులో నా గొంతు వినబడితే మా మరదలి చేతికి ఇచ్చేస్తాడు." దిగి చొక్కా చేతులు పైకి మడిచాడు. "కానివ్వు, సబ్బు కలుపు. రబ్బరు వేడి మీద ఉండగానే చూడాలి."

ముందు గాలి గొట్టం విప్పి, ఇంజన్‌లోకి గాలిని తోసే టర్బో చక్రాన్ని వేలితో తిప్పాడు. అది నూనెలో మునిగినంత మెత్తగా తిరిగింది. అటూ ఇటూ ఊపి చూశాడు, కొంచెం కూడా వదులు లేదు. "టర్బోకేం కాలేదు" అన్నాడు. ఆ మాట ఎంత చిన్నగా అన్నాడంటే నేను వంగి వినాల్సి వచ్చింది.

గొట్టం మూతిని మూసి, కంప్రెసర్‌తో కొద్దిగా గాలి ఎక్కించాడు. నేను రంగు బ్రష్షుతో అతుకు అతుక్కీ నురగ రాస్తూ పోయాను. పైన ఎక్కడా ఏమీ లేదు. టర్బో నుంచి ఇంజన్‌కు గాలి తెచ్చే లావుపాటి రబ్బరు గొట్టం కిందికి బ్రష్షు పోనిచ్చేసరికి చిన్న చిన్న బుడగలు గుత్తులుగా పుట్టాయి. అద్దం పెట్టి చూశాం. గొట్టాన్ని బిగించిన క్లిప్పు అంచు రబ్బరులోకి దిగి, వేలి గోరంత చీలిక. చల్లగా ఉంటే అది మూసుకుని ఉంటుంది. వేడికి మెత్తబడి, లోపల గాలి తోసినప్పుడు నోరు తెరుస్తుంది. లెక్క ప్రకారం పెట్రోలు వెళ్తుంది, గాలి మాత్రం సగంలోనే జారిపోతుంది. పొగ అందుకే.

క్లిప్పు మర మీద పసుపు చుక్క ఉంది, ఎక్కడా విరగకుండా.

"నేను బిగించిందే" అన్నాడు మేస్త్రీ. "గట్టిగా ఉండాలని ఇంకో చుట్టు తిప్పి ఉంటాను. పైగా సంతకం కూడా పెట్టాను."

షెడ్డు వెనకే ఇల్లు. ఆయన భార్య టీ తెచ్చి, ఆయన మొహం చూసి ఆగిపోయింది. "ఏంటండీ, అలా ఉన్నారు?"

"తమ్ముడి బండి రోగం దొరికింది."

"టర్బోయేనా?"

"కాదు. నేనే."

ఆవిడ గ్లాసులు బల్ల మీద పెట్టింది. "పోయిన వారం తోడికోడలు కనబడింది, మీకు చెప్పలేదు. ఉద్యోగం అయిపోయాక మరిది స్టీరింగే ముట్టుకోలేదట. బావమరిది కొత్త కారు కొని, ఒకసారి నడిపి చూడు బావా అంటే, 'నాకు నడపడం వచ్చని ఎవడన్నాడు' అని పక్క సీట్లో కూర్చున్నాడట." "తాగండి, చల్లారిపోతుంది" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆయన తాగలేదు. కొత్త గొట్టం వెతికి, పొడవు చూసి కోసి, అమర్చాడు. క్లిప్పు బిగించేటప్పుడు చెయ్యి ఆపి రెండుసార్లు చూసుకున్నాడు. నేను ఇంజన్ బాగా వేడెక్కేదాకా నడిపి వచ్చాను. మూడో గేరులో బండి నన్ను సీటుకేసి నొక్కింది. పొగ లేదు.

"మనిద్దరం వెళ్దాం రండి" అన్నాను. "బండిలోనే."

"నేనొస్తే వాడు లేచి కుర్చీ వేస్తాడు. పెద్దవాణ్ణి కదా! తల దించుకుని 'పోనీలే అన్నయ్యా' అంటాడు. నాకది వద్దు. నువ్వు పరాయివాడివి, నీ ముందైతే వాడికి మొహమాటం ఉండదు. ఆవేళ నవ్విన ఆరుగురిలో ఇద్దరు పోయారు. మిగిలినవాళ్ళకి నేనే వెళ్ళి చెప్పుకుంటాను. తమ్ముడి దగ్గరికి మాత్రం నువ్వు వెళ్ళు."

చీటీ మీద తమ్ముడి ఇంటి గుర్తులు రాసి ఇచ్చాడు. నేను బండి ఎక్కాక మళ్ళీ కిటికీ దగ్గరకు వచ్చాడు.

"ముందు తప్పెవరిదో చెప్పు. నడిపి చూడమని తాళాలు తర్వాత ఇవ్వు. ముందే ఇచ్చావంటే ఆ సంబరంలో నన్ను ఊరికే వదిలేస్తాడు. తిడితే కడుపారా తిట్టనీ, నా తరఫున ఒక్క మాట కూడా మాట్లాడకు. తాళాలు తీసుకోకపోతే బలవంతం చెయ్యకు. కానీ ఏమేం అన్నాడో ఒక్కటీ తగ్గించకుండా వచ్చి నాకు చెప్పు."