బావ నోట్లో రెండు వేళ్లు

ఏళ్లుగా గుండె మీద మోస్తున్న బరువు గురించి చెప్తాను. భారతమంత కథ. పద్దెనిమిది పర్వాలు, కుదురుగా కూర్చోండి. అబద్ధం. అంత లేదు. ఒక్క జోకు, దాని తర్వాత నేను మింగేసిన ఒక్క మాట. అంతే.

మా బావ దేవదాసు పత్తి మార్కెట్లో హమాలీ. బస్తా ఎత్తితే గుట్కా, దించితే గుట్కా. ఓ ఆదివారం ఆరాధన అయ్యాక హసన్‌పర్తిలో మా చర్చి ఆవరణలో నోటి పరీక్షల క్యాంపు పెట్టారు. అక్క బావను బలవంతంగా లైన్లో నిలబెట్టి, వంట ఉందని ఇంటికి పోయింది. డాక్టరమ్మ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పెట్టుకోమంది. బావకు రెండే పట్టాయి. మూడోది పళ్ల దగ్గరే ఆగింది.

బావను ఆటపట్టించడం బామ్మర్ది హక్కు కదా. వాడుకున్నాను.

“మేడం, గాయన తప్పు లేదు. మా అక్కను చేసుకున్నంక నోరు గంతే తెరుస్తాండు.”

లైనంతా నవ్వింది. బావ కూడా నవ్వాడు, నోరు తెరుచుకున్నంత మేర.

“నీ పాడుగాను బామ్మర్దీ, ఇజ్జత్ తీసినవ్ పో,” అని వేళ్లు అంగీకి తుడుచుకుని, ఆమె లైటు వేసి చూడకముందే బండెక్కి పోయాడు.

డాక్టరమ్మ నవ్వలేదు. నన్ను పక్కకు పిలిచింది. “నోరు అలా బిగుసుకుపోతే క్యాన్సర్‌కు దారి తీయొచ్చు. గుట్కా మాన్పించి ఈ వారమే హాస్పిటల్‌కు తీసుకురా. మర్చిపోకు.”

మర్చిపోలేదు. అదే నా నేరం. మర్చిపోయి ఉంటే కనీసం మతిమరుపు అని చెప్పుకునేవాణ్ని. ఎందుకు చెప్పలేదు? చెబితే జోకు చచ్చిపోతుంది. అప్పటికే చుట్టాల్లో అది హిట్టు. పెండ్లి విందుల్లో పిలిచి మరీ చెప్పించుకునేవాళ్లు. కారం తగిలితే నోరు మండుతుందని బావ పక్కనే కూర్చుని వట్టి పెరుగన్నం పిసుక్కుంటూ వినేవాడు. అది చూస్తూనే చెప్పాను.

కోపం నాకు. నిషేధం ఉన్నప్పుడు కూడా బడి పక్క పాన్ డబ్బాలో గుట్కా ప్యాకెట్లను దండల్లా వేలాడదీసి అమ్మినవాడి మీద. వాణ్ని తిడుతుంటే హాయిగా ఉంటుంది, ఎందుకంటే తిడుతున్నంతసేపూ నేను గుర్తుకు రాను. కానీ వాడు అమ్మింది గుట్కా. డాక్టరు మాట దాచింది నేను.

బావకు సగం దవడ తీసేశారు. గొట్టంలో జావ పోస్తూ మొన్న అక్క అంది: “ముందుగాల ఎవలన్న ఒక్క మాట చెప్తే పోయెటోళ్లం గద తమ్మీ.”

తలకాయ ఊపాను. నా నోటికి మూడు వేళ్లూ పడతాయి. అయినా తెరవలేదు.

అక్కకు ఇంకా చెప్పలేదు. మీకు చెప్పాను. కొంచెం ఊపిరాడింది, నాకే, బావకు కాదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతుల్లో లేదు.

నోరు చూపించుకోవాలంటే సర్కారు దవాఖానలో ఓపీ చిట్టి పన్నెండింటి దాకే ఇస్తారు. ఆదివారం ఉండదు.