మా మరదలు ఢిల్లీలో సాక్ష్యం చెప్పిన రోజు

బొమ్మనహళ్ళిలో మా ఇంటి సందు మొదట్లో ఒక క్షౌరశాల ఉంది. ఉద్యోగం ముగించుకుని ఢిల్లీ వదిలి సొంత ఊరికి వచ్చినప్పటి నుంచీ నా తలను ఆ అంగడాయనకే అప్పగించాను. ఆ తల మీద చేయవలసిన పని పెద్దగా మిగల్లేదు కనుక, తీసుకునే డబ్బుకు న్యాయం చేయడానికి ఆయన మాటలు కలుపుతాడు. మొన్న కుర్చీలో కూర్చున్నప్పుడు గోడకున్న టీవీలో ఢిల్లీ చట్టసభ వస్తోంది. గోల భరించలేక కాబోలు, శబ్దం తీసేసి పెట్టాడు. సగం మంది సభ్యులు నిలబడి చేతులు ఊపుతున్నారు, మిగతా సగం కూర్చుని బల్లలు చరుస్తున్నారు, మధ్యలో ఒక మంత్రి కాగితం చూసి ఏదో చదువుకుపోతున్నాడు. "ఏం సార్, ఇన్నేండ్లు వీళ్ళ మాటలే కదా మీరు ఇంగ్లీషు చేసింది. ఇప్పుడు ఏమంటా ఉండారు వీళ్ళు?" అని అడిగాడు అంగడాయన, కత్తెర ఆపి. "శబ్దం పెట్టినా ఇంతే తెలుస్తుందప్పా" అన్నాను. ఆయన నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. కాగితం చదువుతున్న ఆ మంత్రిని చూస్తే మా మరదలు గుర్తొచ్చింది.

నాది దుబాసీ ఉద్యోగం. సభలో ఎవరైనా తెలుగులో మాట్లాడితే, అద్దాల గదిలో కూర్చుని, వాళ్ళ మాట వాళ్ళ నోట్లో ఉండగానే దాన్ని ఇంగ్లీషులో చెప్పాలి. సభ్యులు బల్ల మీదున్న ఇయర్‌ఫోను చెవికి తగిలించుకుంటే నా గొంతు వినిపిస్తుంది. పక్క గదిలో ఇంకొకాయన నా ఇంగ్లీషు విని హిందీ చేస్తాడు. ఇందులో ఒక నియమం ఉంది. "గౌరవ సభ్యులు ఇలా అంటున్నారు" అనకూడదు. ఆయన "నేను" అంటే మనమూ "నేను" అనాలి. అలా ఉద్యోగమంతా నేను కానివాడిగానే బతికాను. చక్కెర మిల్లులున్నవాళ్ళ తరఫున "నేను పేద రైతు బిడ్డను" అన్నాను. ముందురోజే పార్టీ మారినవాడి తరఫున "నేను మాట తప్పే మనిషిని కాను" అని గొంతు వణికించాను. తెలుగంటే ప్రాణమిస్తామనే పెద్దలు మాత్రం నాకు పని పెట్టేవారు కాదు. ప్రాణమిచ్చే సంగతి కూడా వచ్చీరాని ఇంగ్లీషులోనే చెప్పేవారు. సాయంత్రం ఇంట్లో నేను కాస్త గట్టిగా ఏదైనా అంటే "అది మీ మాటేనా, ఎవరిదైనా తెచ్చుకున్నారా?" అని అడిగేది మా ఆవిడ.

సభ నడిచే రోజుల్లో పొద్దున పూట కమిటీలు కూర్చుంటాయి. అక్కడ కెమెరాలుండవు, అరుపులుండవు, పార్టీలు మరిచి అందరూ బుద్ధిగా పనిచేస్తారని పిల్లల పుస్తకాల్లో రాస్తారు. కెమెరా లేదు కాబట్టి అరవరు, అంతవరకు నిజమే. మిగతాది నేను చూసింది చెబుతాను. వస్తారు, హాజరు పుస్తకంలో సంతకం పెడతారు, జీడిపప్పు ప్లేటు దగ్గరికి లాక్కుంటారు. కొందరు సంతకం పెట్టి అటు నుంచి అటే పోతారు. వాళ్ళ మీద నాకు కాస్త గౌరవం ఉండేది, కనీసం నటించరు కదా అని.

నేను ఉద్యోగం మానడానికి కొద్దికాలం ముందు, చిన్న కార్ఖానాల్లో పనివాళ్ళ భద్రత మీద ఒక కమిటీ విచారణ జరిపింది. సాక్ష్యం చెప్పడానికి మా ఊరి వైపే ఉన్న కార్ఖానాల పేట పీణ్య నుంచి ఒకావిడను యూనియన్ వాళ్ళు పంపించారు. తెలుగులోనే చెబుతానందట, అందుకే నాకు డ్యూటీ పడింది. విచారణకు ముందు వరండాలో కలిశాను. యాభై దాటిన మనిషి, ఉతికి ఆరేసిన చీర, కుడి చెయ్యి కొంగులో దాచుకుని నిలబడింది. మన తెలుగువాళ్ళు ఇద్దరు ఎదురుపడితే మొదట తేలవలసింది వరస కదా. "మీది యా ఊరు సార్?" అంది. మాది బొమ్మనహళ్ళి అనీ, మా ఆవిడ పుట్టిల్లు మడకశిర పక్క అనీ చెప్పాను. "అయ్యో, మా అమ్మోళ్ళదీ ఆ పక్కే. అట్లయితే మీ ఇంటావిడ నాకు అక్క వరస. మీరు బావ అయితారు" అని తేల్చేసింది. ఆ భవనంలో అన్నేళ్ళు పనిచేసినా నన్ను వరస పెట్టి పిలిచిన మనిషి ఆవిడ ఒక్కతే. ఆ తర్వాత దగ్గరికి జరిగి, "బావా, నాకు తెలుగు వస్తాది, కన్నడ వస్తాది, ఇంగ్లీషు రాదు. మీరే సరిగ్గా చెప్పాల. నా కూతురు ఇప్పుడు ఆ రేకులొత్తే ప్రెస్సు మిషన్ కాడే పని చేస్తా ఉండాది" అంది. ఒక్క మాట కూడా పోనివ్వనని చెప్పి నా గదిలోకి వెళ్ళాను.

ఆవిడ సాక్ష్యం ఇప్పటికీ నాకు నోటికి వస్తుంది. కొంగు తీసి చెయ్యి బల్ల మీద పెట్టింది. బొటనవేలు, దాని పక్క వేలు ఉన్నాయి, మిగతావి లేవు. "ఇది ప్రెస్సు కింద పోయిందప్పా. రేకును లోపల పెట్టి కాలితో పెడలు తొక్కితే, పైనుంచి అచ్చు దిగుతాది. మిషన్‌కు గార్డని ఒక అడ్డం ఉంటాది, అది ఉంటే చెయ్యి లోపలికి పోదు. కానీ గార్డు ఉంటే పని నిదానమైతాది. అందుకని ఓనర్లు దాన్ని పీకేసి పక్కన పెడతారు. ఇన్‌స్పెక్టరు చెప్పకుండా వస్తే వాళ్ళకు భయం ఉంటాది. చెప్పి వస్తే ఆ పొద్దుకు బిగిస్తారు, ఆయన పోతానే మళ్ళీ పీకేస్తారు. ఇప్పుడు చెప్పే రావాలని చట్టం మారుస్తారంట కదా. మార్చొద్దండప్పా. నా చెయ్యి పోతే పోయె, నా బిడ్డ చెయ్యి ఉండాల." అంతే ఆవిడ అడిగింది. నేను కూడా ఉద్యోగంలో అంత బాగా ఎన్నడూ చెప్పలేదు. నా నోటి నుంచి వచ్చిన "నేను"ల్లో, సిగ్గుపడకుండా పలికిన "నేను" అదొక్కటే.

చెబుతూ చెబుతూ అద్దంలోంచి కిందికి చూశాను. ఇయర్‌ఫోన్లన్నీ వాటి కొక్కేలకు అలాగే వేలాడుతున్నాయి. ఒక్కరి చెవిలోనూ లేదు. ఉత్తర దేశపు సభ్యులు, ఈశాన్యపు సభ్యులు, తెలుగు ముక్క తెలియనివాళ్ళు, మా మరదలి తెలుగు వింటూ తలలాడిస్తున్నారు. ఎంత అందంగా ఆడించారనుకున్నారు! కనుబొమలు ముడిచి, పెదవి బిగించి, ఎక్కడ బాధపడాలో అక్కడ కళ్ళు దించి. ఒకాయన చెవుల్లో తీగలు కనిపించి, పోనీ ఒక్కడైనా వింటున్నాడని ప్రాణం లేచొచ్చింది. ఆ తీగ బల్లకు పోలేదు, ఆయన జేబులోని ఫోనుకు పోయింది. బూటు కాలితో తాళం కూడా వేస్తున్నాడు.

మా మరదలు ఊరికే చూసే మనిషి కాదు. తన బల్ల మీది ఇయర్‌ఫోనును చూసింది, వాళ్ళ కొక్కేలను చూసింది. మాట ఆపి, "అప్పా, ఆ చెవికి పెట్టుకునేది పెట్టుకుంటే కదా మీకు తెలిసేది" అంది. నేను దాన్ని కూడా ఇంగ్లీషు చేశాను, పక్క గదిలో ఆయన హిందీ చేశాడు. పెట్టుకుంటే కదా వినిపించేది. వాళ్ళు దానికీ తలలాడించారు. అప్పుడావిడ ఇంక మాట్లాడలేదు. చేతులు ఒడిలో పెట్టుకుని ఊరికే కూర్చుంది. ఆవిడ నోరు మూసుకున్నాక కూడా ఇద్దరు పెద్దలు చాలాసేపు తలాడిస్తూనే ఉన్నారు. నవ్వాలో ఏడవాలో తెలియక నేను మైకు కట్టేశాను.

మౌనం ఎక్కువైనట్టు కమిటీ అధ్యక్షుల వారికి అనుమానం వచ్చింది. ఆయన పెద్దమనిషి, జుబ్బా మీద శాలువా, మెత్తని గొంతు. "మీ సాక్ష్యం మమ్మల్నందరినీ కదిలించింది" అన్నారు. మనిషి అన్నాక ఆ మాత్రం అబద్ధం ఆడవచ్చు, అక్కడితో ఆగితే బాగుండేది. ఏదైనా ప్రశ్న అడగకపోతే బాగుండదనుకున్నారు కాబోలు, "మీ కార్ఖానాలో మంచినీళ్ళ సౌకర్యం ఉందా?" అని అడిగారు. నేను మైకు మళ్ళీ పెట్టి, మా మరదలు తన ఇయర్‌ఫోను చెవికి ఆనించుకున్నాక, తెలుగు చేసి చెప్పాను. ఆవిడ ఆయన ముఖంలోకి చూసి, "ఉండాయప్పా" అంది. "చాలా సంతోషం" అన్నారు అధ్యక్షుల వారు. అంతలో సభ మొదలయ్యే గంట మోగింది, అందరూ బడి వదిలినట్టు లేచారు. పోతూ పోతూ ఆయన ఉదారంగా, మధ్యాహ్నం సభ చూడమని ఆవిడకొక పాసు ఇప్పించారు.

ఆ మధ్యాహ్నం నాకు సభలోనే డ్యూటీ. నా అద్దానికి ఎదురుగా సందర్శకుల గ్యాలరీ, అందులో ముందు వరసలో మా మరదలు. అక్కడి కట్టుబాట్లు చూసి తీరాలి. గ్యాలరీలో దగ్గకూడదు, కునికిపాట్లు పడకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు. కింద మాత్రం కాగితాలు చింపవచ్చు, బల్లలెక్కవచ్చు, ఒకరి తల్లిని ఒకరు తలుచుకోవచ్చు. మా మరదలు ముందుకు వంగి, మూడు వేళ్ళు లేని ఆ చెయ్యి కమ్మీ మీద ఆనించింది. కాపలా మనిషి వచ్చి చెయ్యి తీయమని సైగ చేశాడు. సభ గౌరవానికి ఆ చెయ్యి భంగమట. ఆవిడ తీసి కొంగులో పెట్టుకుంది.

కింద ఇంకేదో గొడవ నడుస్తోంది. ఒక పక్షం వాళ్ళు తమ నాయకుడినెవరో ఏదో అన్నారని నినాదాలిస్తున్నారు. ఆ గోలలో, పొద్దున జాబితాలో లేని ఒక బిల్లును మంత్రి చేతిలోకి తీసుకుని చదవడం మొదలుపెట్టాడు. నా చెవికి తగిలించుకున్న దాంట్లో నాకు స్పష్టంగా వినిపించింది. ఇన్‌స్పెక్టర్లు ముందుగా తెలియజేసి మాత్రమే చిన్న కార్ఖానాలకు రావాలన్న బిల్లు అది. అధ్యక్ష స్థానం నుంచి ఒకాయన ఒక్కో క్లాజూ చదవడం, అనుకూలమా అనడం, ఈ పక్కవాళ్ళు అవునని అరవడం. పొద్దున తలలాడించిన పెద్దలు ఇప్పుడు నోళ్ళు తెరిచారు. చెవుల్లో తీగలాయన అందరికంటే గట్టిగా అరిచాడు. ఎదురు పక్షంలోని కమిటీ సభ్యులైతే కాదని కూడా అనలేదు, వాళ్ళు నినాదాల్లో తీరిక లేకుండా ఉన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. అంతమంది చదువుకున్నవాళ్ళు, జీతాలూ భత్యాలూ తీసుకునేవాళ్ళు, తాము దేనికి అవునన్నారో తెలియకుండా అవునన్నారు. తెలిసి అని ఉంటే దుర్మార్గులని తిట్టుకునేవాణ్ణి. అంత పెద్ద మాటకు కూడా వాళ్ళు తగరు.

డ్యూటీ దిగి గేటు దగ్గరికి వచ్చేసరికి మా మరదలు లోపలికి పోయేటప్పుడు అప్పగించిన తన ఫోను తిరిగి తీసుకుని నిలబడి ఉంది. "బావా, మన బిల్లు ఎప్పుడు వస్తాది? రేపు కూడా ఉండమంటే ఉంటాను. పొద్దున వాళ్ళు వినకపోతే పోనీ, ఇంకొకసారి చెబుతాను" అంది.

"అయిపోయిందమ్మా" అన్నాను.

"ఏంది అయిపోయింది?"

"బిల్లు. ఇందాక నువ్వు చూస్తుండగానే. ఆ అరుపుల మధ్యనే."

ఆవిడ నన్ను తిట్టలేదు, వాళ్ళనూ తిట్టలేదు. "నేను ఇంకా మొదలే కాలేదు అనుకుంటిని కదా బావా" అంది, మెల్లగా. ఎడమ చేత్తో ఫోను పట్టుకుని కూతురికి కలిపింది. పని మానేసి ఇంట్లో ఉండమంది. అవతల ఆ పిల్ల ఏమందో వినబడలేదు కానీ, మానేస్తే తినేదేమిటని అడిగినట్టుంది. మా మరదలు మళ్ళీ మానేయమనలేదు. "అట్లయితే నిదానంగా చెయ్ పాపా. ఓనరు అరస్తే అరవనీ. రేకుల లెక్క తక్కువైతే కానీ. చెయ్యి బయటికి తీసినాకనే పెడలు తొక్కు. నిదానంగా చెయ్" అని చెప్పింది. మళ్ళీ అదే మాట, మళ్ళీ అదే మాట. అంత పెద్ద భవనం ముందు నిలబడి.

ఆ బిల్లు ఎంతసేపట్లో దాటిందని ఎవరైనా అడిగితే, అంగడాయన నా తల దువ్వినంత సేపు అంటాను. ఆ రోజు వాళ్ళు తొందరపడి మిగుల్చుకున్న కాలాన్ని ఏం చేసుకున్నారో నాకు తెలియదు. పీణ్యలో ఒక పిల్ల మాత్రం దాన్ని ప్రతి రేకు దగ్గరా, ఇన్నేళ్ళుగా, నిదానంగా చెల్లిస్తూనే ఉంది.