నల్లమన్ను సీసా

పోయిన నెల చెవిలో చీము పట్టి నెల్లూరులో డాక్టరు దగ్గరికి వెళితే, నా దగ్గర చదువుకున్న పిల్లల వయసు కూడా లేని ఆ అబ్బాయి మూడోసారి మాత్రలు మార్చి రాస్తూ, ఇవి కూడా పనిచేయకపోతే ఇంక ఇవ్వడానికి పెద్దగా మందుల్లేవు ఆంటీ అన్నాడు. ఆంటీ అన్నందుకు ఒక చురక, మందుల్లేవు అన్నందుకు ఇంకొకటి తగిలించి, లేకపోతే మన్నులో వెతకరేమయ్యా అన్నాను. మన్నులోనా అని నవ్వి, టార్చిలైటు నా చెవిలో కాదు, తలలో వేసి చూడాలన్నట్టు చూశాడు. తెలియక కాదు, పరీక్ష కోసం చదివి పరీక్ష హాల్లోనే వదిలేసి వచ్చి ఉంటాడు. నేను మాత్రం ఆ మాట అనేసి ఇంటికి వచ్చాక రెండు రోజులు నిద్రపోలేదు. చెవిపోటు కాదు కారణం.

మన ఈడు వాళ్లకు వివరంగా చెప్పనక్కరలేదు. సెగ్గడ్డ లేచి మనిషి పోవడం, పురుడు పోసుకున్న పదో రోజుకు జ్వరం వచ్చి బాలింత పోవడం చూస్తూ పెరిగినవాళ్లం మనం. ఆ తరవాత సూదిమందు వచ్చింది. పోతాడనుకున్నవాడు లేచి కూర్చుని మజ్జిగన్నం అడిగాడు. బూజులోంచి ఒక మందు, మన్నులో ఉండే సూక్ష్మజీవి నుంచి ఇంకో మందు వస్తే, ప్రపంచమంతా సీసాలు పట్టుకుని మన్ను మీద పడింది. ఆ పడ్డవాళ్లలో నేనూ ఒకతెను.

మాది కోవూరు పక్క వరి పండించే కుటుంబం. నేను మద్రాసులో బి.ఎస్సీ. చదివి అక్కడే ఒక పరిశోధనశాలలో చేరాను. అరవైల మొదటి రోజులవి. పరిశోధనశాల అధిపతి, మా పెద్దాయన, మహా పండితుడు, కానీ లెక్క తప్పినప్పుడు ఒప్పుకునే అలవాటు ఆయనకు లేదు, చూస్తూ ఊరుకునే అలవాటు నాకు లేదు. ఢిల్లీ నుంచి వచ్చిన అతిథుల ముందు ఆయన చెప్పిన ఒక అంకెను నేను సరిదిద్దాను. వారం తిరక్కుండా, సముద్రతీరపు మన్నులు పరీక్షించడానికి అల్లూరులో ఒక చిన్న కేంద్రం పెడుతున్నామని, ఆ ప్రాంతపు మనిషిని గనక నేనే తగినదాన్నని ఉత్తర్వు వచ్చింది. కేంద్రమంటే ఒక గది. సిబ్బంది అంటే నేను.

బట్టల వ్యాపారం చేసే ఒక సాయిబుగారి ఇంట్లో వీధి వైపు గది అది. రెండు బల్లలు, ఒక కిరసనాయిలు స్టవ్వు, దాని మీద సీసాలు ఉడకబెట్టడానికి పెద్ద ప్రెషర్ కుక్కరు, ఒక సూక్ష్మదర్శిని, అరల నిండా మూతలున్న గాజుపళ్లేలు. ఉప్పుమళ్లు, సరుగుడు తోపులు, బకింగ్‌హామ్ కాలువ గట్లు, వరిచేలు తిరిగి పిడికెడేసి మన్ను తెచ్చి, నీళ్లలో కలిపి, పలచన చేసి, గాజుపళ్లెంలో పేరబెట్టిన జెల్లీ మీద చల్లి కూర్చోవాలి. వారానికి సుద్దపొడి చల్లినట్టు చిన్న చిన్న చుక్కలు లేస్తాయి. వాటి పక్కన సెగ్గడ్డలోని చీముక్రిమిని పెంచి చూడాలి. ఏ చుక్క చుట్టూ క్రిమి బతకలేక తేటగా ఒక వలయం ఏర్పడుతుందో, ఆ చుక్కలో మందు ఉన్నట్టు. నూటికి తొంభై తొమ్మిది పళ్లేలలో ఏమీ ఉండదు. మూత తీస్తే మటుకు తొలకరి వాన పడినప్పటి నేలవాసన గుప్పుమనేది. రోహిణి కార్తె ఎండల్లో తలుపులు మూసుకుని, వానవాసన మధ్య, మాట్లాడేవాళ్లు లేక నాతో నేనే వాదించుకుంటూ గడిపిన రోజులు ఎన్నో లెక్కలేదు. వాదనలో నేను నెగ్గినా నెగ్గాననే సంతోషం ఉండేది కాదు.

అలాంటప్పుడు ఒక చేపలమ్మే ఆమె నా అరుగెక్కింది. తీరాన ఉన్న జాలరిపల్లె పట్టపుపాలెం నుంచి పొద్దున్నే పడవలో వచ్చి గంప ఖాళీ చేసుకుని పోయేది. నాకంటే పదేళ్లు పెద్ద. నేను అక్కా అనేదాన్ని. మొదటిరోజే గంప దించి, లోపలికి తొంగి చూసి, మొహమాటం లేకుండా మొదలుపెట్టింది.

"ఏందమ్మా, మద్రాసులో సదివొచ్చి మన్ను పిసుకుతుండావు? మా పిలకాయలు సదవకుండానే చేస్తుండారే ఈ పని."

మన్నులో కంటికి ఆనని ప్రాణులుంటాయని, పక్కవాటిని బతకనివ్వకుండా అవి విషం కక్కుతాయని, ఆ విషమే మనకు మందని చెప్పాను.

"అట్టయితే మా తోడికోడళ్లను గూడా ఒక సీసాలో బెట్టు తల్లీ. దేశానికంతా సరిపోతాది మందు."

ఆ ఊరు వచ్చాక నేను గట్టిగా నవ్వింది అప్పుడే. ఆ తరవాత ఆమె రోజూ చేపలు అమ్ముకున్నాక ఒక గంట నా అరుగు మీద కూర్చునేది. నాతో సమానంగా వాదించగలిగిన మనిషి నాకు మద్రాసులో కూడా దొరకలేదు. నేను నడవలేని చోట్లకు ఆమే సీసాలు తీసుకుపోయి, చెప్పినట్టే జానెడు లోతు తవ్వి, చెయ్యి తగలకుండా మన్ను నింపి తెచ్చేది. ఏది ఎక్కడిదో ఆమె నోటితో చెబితే నేను చీటీ రాసి అంటించేదాన్ని.

ఒకసారి పెద్దాయన పంపిన జాబితాలో మనుషుల్ని పూడ్చిన చోటి మన్ను కావాలని ఉంది. అన్ని రోగాలతో పోయినవాళ్లనూ మన్ను తనలో కలుపుకుంటుంది, అయినా రోగం పైకి రాదు కదా, అందుచేత అక్కడి జీవులకు శక్తి ఎక్కువ ఉండవచ్చునని ఆయన ఊహ. పట్టపుపాలెం పక్కన పసిబిడ్డల్ని పూడ్చే ఇసుకదిబ్బ ఒకటుందని నాకు తెలుసు. సీసా అక్క చేతికిచ్చి, ఆ దిబ్బ మీదిది తెచ్చిపెట్టమన్నాను. ఎప్పుడూ ఒకటికి రెండు అనే మనిషి ఆరోజు ఏమీ అనలేదు. సీసా గంపలో పెట్టుకుని లేచిపోయింది. మూడో రోజు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎక్కడిదని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. దిబ్బమన్ను అని చీటీ రాసి అంటించాను.

ఆ సీసాలోంచే వచ్చింది. ఎనిమిదో రోజు పళ్లెం వెలుతురుకు పట్టి చూస్తే, బూడిదరంగు చుక్క ఒకటి, దాని చుట్టూ రూపాయిబిళ్లంత వలయం, అద్దంలా తేటగా. మళ్లీ చేశాను, మళ్లీ వచ్చింది. నాలుగోసారి కూడా వచ్చాక మద్రాసుకు పంపాను. పెద్దాయన స్వహస్తాలతో జాబు రాశాడు. చాలా బాగుంది, అదే చోటి మన్ను ఒక గోతాం నిండా వెంటనే పంపు అని. బాగుంది అన్న మాట ఆయన దగ్గర విన్నవాళ్లు అప్పటికి లేరు.

అంత బరువు ఆడమనిషితో మోయించడం ఎందుకని, కూలిమనిషిని మాట్లాడుకుని నేనే దిబ్బకు పోయాను. అక్కడికి పోయాక గాని నా తెలివి నాకు తెలియలేదు. దిబ్బంతా పాలలాంటి తెల్ల ఇసుక. అక్కడక్కడ నక్కలు తవ్వకుండా కప్పిన ముళ్లకంప. ఎంత నడిచినా మట్టి అన్నది లేదు. నా సీసాలో ఉన్నది నల్లటి జిగురుమన్ను, అందులో చేపపొలుసులు కూడా మెరుస్తుంటాయి. ఇన్నాళ్లూ దాన్ని చేత్తో పట్టుకుని చూస్తూ, పైనున్న చీటీ నమ్మాను గాని లోపలున్న మన్నును చూడలేదు. శాస్త్రం చదువుకున్నదాన్ని!

నా తప్పు నాకు కనిపించేలోపే కోపం వచ్చింది. తిన్నగా కాలువరేవుకు పోయి, పడవ దిగుతున్న అక్కను పదిమందిలో నిలబెట్టి అడిగాను. మోసగత్తెవన్నాను. నీ బద్ధకానికి దేశానికి రావలసిన మందు రాకుండా పోతుందన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది, మందు లేక పసిబిడ్డలు చచ్చిపోతుంటే నీకు చీమ కుట్టినట్టయినా లేదా అన్నాను.

అక్క గంప దించి, అందులో ఉన్న నా ఖాళీ సీసాలు ఒక్కొక్కటే తీసి మెట్టు మీద వరసగా పెట్టింది. "సదువుకున్నదానివి. నువ్వే తవ్వుకోమ్మా," అని, దిగిన పడవలోకే మళ్లీ ఎక్కింది.

ఆ తరవాత ఆమె మా వీధికి రాలేదు. నేను పంతం మీద ఉన్నాను. పది రోజులు పోయాక ఇంటివాళ్ల పెద్దమ్మ, సాయిబుగారి తల్లి, నా గుమ్మంలో కూర్చుని మెల్లగా అంది.

"ఆ దిబ్బన ఆ యమ్మ బిడ్డలిద్దరుండారు. నీకు ఎవురూ చెప్పలేదా? కన్నతల్లి ఆడ ఎట్టా తవ్వతాదమ్మా?"

కాదంటే నువ్వు ఊరుకోవు, తవ్వితే ఆమె బతకలేదు, అందుకని ఇంకెక్కడిదో తెచ్చి నీ ముచ్చట తీర్చిందని పెద్దమ్మే చెప్పుకొచ్చింది. తప్పు అడుగడుగునా నాదే. ఎక్కడ తవ్వమంటున్నానో ఆలోచించనిదాన్ని నేను, ఎక్కడిదని అడగనిదాన్ని నేను.

అయినా వెంటనే పోలేదు. మద్రాసు నుంచి ఇంకో జాబు వచ్చాక పోయాను, అదీ నా సంగతి. ఆ చుక్కలో శక్తి పోయిందట. మన్నులో కష్టపడి బతికిన జీవిని తెచ్చి పళ్లెంలో పెట్టి రోజూ మేపితే, కొన్నాళ్లకు ఇల్లరికపు అల్లుడిలా ఒళ్లు పెంచి పని మరిచిపోతుంది. వలయం చిన్నదై చిన్నదై మాయమైంది. మొదటి సీసాలో మన్ను ఎప్పుడో అయిపోయింది. అసలు చోటు దొరికితే మళ్లీ మొదలుపెడదాం, దొరక్కపోతే కేంద్రం ఎత్తేస్తామని పెద్దాయన రాశాడు. ఆ చోటు తెలిసిన మనిషి లోకంలో ఒక్కతే.

చేతిసంచిలో ఒక సీసా వేసుకుని పట్టపుపాలెం పోయాను. అక్క గుడిసె ముందు కూర్చుని మెత్తళ్ల చిన్నచేపలు ఎండబోస్తోంది. నన్ను చూసింది, సంచిని చూసింది.

"మన్ను కోసం వచ్చినావా, నా కోసం వచ్చినావా?"

ఎన్ని వాదనలకు జవాబులు చెప్పిన నోరు! దారి పొడుగునా కూడబలుక్కున్న క్షమాపణ ఒక్క ముక్క రాలేదు. "నీ కోసమే అక్కా," అన్నాను.

"అట్టయితే కూర్సో," అని చాప వేసింది. సద్దన్నం, చేపలపులుసు పెట్టింది. బిడ్డల మాట ఆమె ఎత్తలేదు, నేను ఎత్తలేదు. చెయ్యి కడుక్కోవడానికి గుడిసె వెనక్కు పోతే, ఆమె చేపలు తోమి నీళ్లు పారబోసే చోట నల్లటి జిగురుమన్ను, అందులో మెరుస్తున్న పొలుసులు. అదే అని ప్రమాణం చేయలేను, కాదని కూడా అనలేను. సీసా నా సంచిలో ఉంది. అక్క లోపల గిన్నెలు సర్దుతోంది. పిడికెడు తీసుకోవడానికి రెప్పపాటు పట్టదు. తీసుకుంటే, ఇప్పుడే అన్న మాట అబద్ధమవుతుంది. చెయ్యి కడుక్కుని వచ్చేశాను.

రేవు దాకా వచ్చి సాగనంపింది. పడవవాడు తొందరపెడుతున్నా, "ఇంకేమీ లేదు గదా?" అని అడిగింది. ఏమీ లేదక్కా అన్నాను. పడవ కదిలాక కూడా చాలాసేపు అక్కడే నిలబడి ఉంది.

ఆ తరవాత రెండుసార్లు వచ్చి నా అరుగు మీద పాత చోటనే కూర్చుంది. రెండుసార్లూ అడుగుదామని నోటిదాకా వచ్చింది. ఇద్దరం చేపల ధర గురించి మాట్లాడుకున్నాం. చోటు తెలియలేదని మద్రాసుకు రాసేశాను. గాజుపళ్లేలు గడ్డిలో చుట్టి పెట్టెలకెత్తి, గదికి తాళం వేసి, కాలేజీలో పాఠాలు చెప్పుకోవడానికి వెళ్లిపోయాను. అది నిజంగా మందయ్యేదో, మిగతా వాటిలాగే మధ్యలోనే తేలిపోయేదో నాకు తెలియదు. చాలావరకు తేలిపోతాయి. అలా అనుకుంటే కొంత నిద్ర పడుతుంది.

డాక్టరును చూసి వచ్చిన తరవాత ఉండబట్టలేక, పోయిన ఆదివారం బస్సెక్కి ఆ వైపు వెళ్లాను. పాలెం జరిగి జరిగి ఎక్కడికో పోయింది. దిబ్బను చదును చేశారు. కనుచూపు మేర రొయ్యలగుంటలు, నీళ్లను చిలికే చక్రాలు. గట్టు మీద ఒకాయన సంచి విప్పి బకెట్లో పొడి కలిపి గుంటలో పోస్తున్నాడు. ఏమిటయ్యా అంటే, రొయ్యలకు జబ్బు రాకుండా మందమ్మా అన్నాడు. జబ్బు వచ్చిందా అంటే, రాలేదమ్మా, రాకుండా అన్నాడు. సంచి మీద పేరు చదివాను. ఒకప్పుడు మన్నులోంచి తీసిన జాతి మందే. మేం చుక్క కోసం పళ్లేలు వెతికి కళ్లు పోగొట్టుకున్నదాన్ని బకెట్లతో నీళ్లపాలు చేస్తున్నారు. ఈ నీళ్లలో ఈదిన క్రిములకు ఇంక ఏ మందు లెక్క? అతనితో వాదన పెట్టుకోలేదు. పాలెం ఎటు పోయిందని మాత్రం అడిగాను. పాలెమేంది, ఈడ ఎప్పుడూ గుంటలే గదా అన్నాడు.

గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. ఆనాడు అడిగితే అక్క గంపెడు తవ్వి ఇచ్చేది. రేవులో నిలబడింది అందుకే. మాట మీద నిలిచానని నేను గర్వపడుతూ పడవలో కూర్చుంటే, నేను అడుగుతానేమోనని ఆమె ఒడ్డున ఎదురుచూసింది. రెండింటి కోసమూ వచ్చానక్కా అంటే సరిపోయేది. వాదించడం అంత బాగా వచ్చినదానికి ఆ చిన్న మాట రాలేదు.