సంగటికి ఎంత ఎత్తు?

2023 ఎండాకాలం. పెనుకొండలో కొండ కిందికి ఉండే ఒక వీధి. మధ్యాహ్నం అయ్యేసరికి ఆ కొండ రాళ్ళు పొద్దున్నుంచి దాచుకున్న వేడినంతా ఆ వీధిలోకే వదిలేస్తాయి. ఆ వీధి చివర కొత్తగా కట్టిన ఇంట్లో వంటగది బిగించే పని మాకు వచ్చింది.

నేను హిందూపురంలో మాడ్యులర్ కిచెన్లు చేస్తాను. మాడ్యులర్ అంటే భయపడాల్సినంత ఏమీ లేదు. అరలు, డ్రాయర్లు వేరువేరు పెట్టెలుగా షాపులోనే తయారుచేసి, తెచ్చి, గోడకు వరసగా బిగించి, పైన గ్రానైటు పరుస్తాం. మా అవ్వ దీన్ని "బీరువాలను పండబెట్టేది" అంటుంది. మా బ్రోచర్లో నాలుగు పేజీలు రాసినా ఇంత బాగా రాలేదు.

ఈ పనిలో కష్టం ప్లైవుడ్ కోయడంలో లేదు, రంగు కుదర్చడంలో ఉంది. చెక్క మీద అతికించే రంగు రేకును లామినేట్ అంటారు. దాని నమూనాల పుస్తకం తెరిస్తే చాలు, ఎంత అన్యోన్యమైన దంపతులైనా మీగడ రంగుకూ దంతం రంగుకూ మధ్య విడిపోతారు. ఆ రెంటికీ తేడా నాకూ తెలీదు. మధ్యలో కూర్చొని టీ తాగుతూ ఉంటాను. అదీ సర్వీసులో భాగమే.

ఈ ఇంట్లో ఆ గొడవ లేదు. యజమాని నారాయణరెడ్డికి చెన్నేకొత్తపల్లి దగ్గర చేను ఉంది, శనక్కాయ వేస్తాడు. ఆయన లెక్కలో రంగులు రెండే: దుమ్ము కనపడేది, దుమ్ము కనపడనిది. ఆయన భార్య ఈశ్వరమ్మ నన్ను చూసి, "నీళ్ళు తాగుతావా అప్పా" అని అడిగి లోపలికి పోయింది. నిర్ణయాలన్నీ కూతురు హేమవి. ధర్మవరంలో బ్యాంకు ఉద్యోగం. ఈ వంటగది ఆమె తన జీతంతో అమ్మకు చేయిస్తున్నది.

ఎందుకు చేయిస్తున్నదో మొదటిరోజే చెప్పింది. ఈశ్వరమ్మ పెళ్ళైనప్పటినుంచి పల్లెలో నేల మీద పొయ్యి ముందర కూర్చొనే వండింది. ఇప్పుడు మోకాళ్ళు పోయాయి. ఇంకా గొంతుక్కూర్చుంటే ఆపరేషన్ దాకా పోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడట.

"అమ్మ ఇంక కింద కూచోకూడదు. నాకు అంతే కావల్ల. మిగతాదంతా మీ ఇష్టం" అంది హేమ. మిగతాదంతా నా ఇష్టమని చెప్పి, ఆ సాయంత్రమే నా ఫోన్ నిండిపోయేన్ని ఫొటోలు పంపింది.

కొలతల రోజు అందరినీ అడిగేదే ఆ ఇంట్లోనూ అడిగాను: ఏమేం వండుతారు? వేపుళ్ళు ఎక్కువైతే చిమ్నీ పెద్దది పెట్టాలి. చిమ్నీ అంటే పొయ్యి పైన వేలాడుతూ పొగను, నూనె ఆవిరిని లాగేసే మిషను. పిండివంటలు ఎక్కువైతే లోతు డ్రాయర్లు కావాలి. హేమ వరసగా చెప్పింది: అన్నం, పప్పు, కూరలు, చపాతి, ఆదివారం కోడికూర. ఈశ్వరమ్మ తలూపింది. నారాయణరెడ్డి వాకిట్లోంచే "పొంగణాలు" అని చేర్చాడు. తరువాత ఈశ్వరమ్మను గోడకు ఆనించి నిలబెట్టి మోచేతి ఎత్తు చూశాను. మోచేతికి నాలుగు వేళ్ళు కిందికి గ్రానైటు గట్టు వస్తే నడుము వంగకుండా పని జరుగుతుంది. మా వృత్తిలో ఇది అందరూ పాటించే కొలత.

పని బాగా వచ్చింది. మా కార్పెంటర్ ఖాదరన్న గోడలో వంకర ఉన్నా తలుపులో కనపడనీయడు. సాఫ్ట్ క్లోజ్ డ్రాయర్లు పెట్టాం, అంటే తోస్తే దబ్బుమనకుండా చివర్లో నిదానంగా వాటంతట అవే మూసుకుంటాయి. నారాయణరెడ్డి ఒకదాన్ని తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి, "నా ఎద్దులు గూడా ఇంత చెప్పినట్ల వినలేదబ్బా" అన్నాడు. గ్రానైటులో అమర్చే గాజుపలక పొయ్యిని, అంటే హాబ్‌ను, వెలిగించి పాలు పొంగించారు. మాకు పాయసం పెట్టారు. ఫొటో తీసుకొని వచ్చేశాం.

నెల తిరక్కముందే హేమ ఫోన్ చేసింది. అమ్మ మోకాలు వాచిపోయిందట. నిలబడే వండుతున్నా ఎందుకు వాచింది, మీ గట్టు ఎత్తులోనే ఏదో తప్పుంది, ఆదివారం నేనూ వస్తాండా, మీరూ రండి అంది. ఖాదరన్నను తీసుకొని బయల్దేరాను. దారి పొడుగునా ఆయన నన్ను ఒకటే అడిగాడు: గట్టు ఎత్తుకూ మోకాలుకూ సంబంధం ఏంది? నేనేమన్నా డాక్టర్నా అన్నాను.

హేమ తలుపు తీసింది. వంటగదిలోకి పోతే మేము తీసుకున్న ఫొటో ఎట్లుందో అట్లే ఉంది. తలుపుల మీద గీతలు పడకుండా మేం అతికించే పల్చటి ప్లాస్టిక్ కవరు కూడా అట్లే ఉంది. కవరు సంగతి నేను పట్టించుకోలేదు. మన దగ్గర టీవీ రిమోటు పాడైపోయి పారేసేరోజు కూడా దాని కవరు కొత్తగానే ఉంటుంది. నాకు అనుమానం వచ్చింది ఇంకోచోట. వండే వంటింట్లో యాడో ఒకచోట ఒక ఆవగింజ ఉంటుంది. పొయ్యి సందులోనో, డ్రాయర్ మూలలోనో. ఈడ ఒక్కటీ లేదు.

అప్పుడు పెరట్లోంచి చప్పుడు వినిపించింది. కట్టెతో కుండలో గుద్దినట్టు, నిదానంగా, ఒక లెక్కలో.

ముగ్గురం పోయి చూశాం. అంట్లు తోమేచోట చిన్న గ్యాసు పొయ్యి. దాని పక్కన ఈశ్వరమ్మ నేల మీద గొంతుక్కూర్చొని, రాగిసంగటి గిన్నెను రెండు పాదాల మధ్య గుడ్డ వేసి బిగించి పట్టుకొని, సంగటి కట్టెతో కెలుకుతోంది. ఒళ్ళంతా ఆ కట్టె మీద ఉంది. మమ్మల్ని చూసి ఆపలేదు. సంగటి మధ్యలో ఆపితే ఉండలు కడుతుంది, మేము ఆగగలం.

హేమ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "ఇంత చేసింది నువ్వు మళ్ళీ ఈడ కూచునేదానికేనా?" అంది.

ఈశ్వరమ్మ గిన్నె మీద మూత పెట్టి, కొంగుతో మొహం తుడుచుకొని చెప్పింది: "ఆ గట్టు మీద సంగటి కాదు పాపా. కట్టె పట్టుకుంటే చేతులు ఎదకాడికి వస్తాండాయి. ఒంటి బరువు దాని మీద పడల్ల, యాడ పడతాది? గిన్నె గిర్రున తిరుగుతాది. ఆ గాజు పగిల్తే నీకేమని చెప్పేది? ఒక్క సంగటికని ఈడికొస్తి, మిగతావీ ఈడే అయిపోతాండాయి."

కొలతల రోజు ఎందుకు చెప్పలేదమ్మా అన్నాను. వంటల్లో సంగటి పేరే రాలేదు కదా.

ఆమె నన్ను కొంచెం జాలిగా చూసింది. "సంగటి గూడా చెప్పల్లనా అప్పా? నీళ్ళు తాగుతామని చెప్తిమా?"

మా ఇంట్లోనూ అంతే. ఎవరైనా వచ్చి ఏం వంట అని అడిగితే, "ఏమీ లేదు, సంగటే" అంటాం. రోజూ మధ్యాహ్నం మా ప్రాంతాన్నంతా నిలబెట్టేదాని పేరు "ఏమీ లేదు".

ఈలోగా నారాయణరెడ్డి వచ్చాడు. ఇన్నాళ్ళూ భార్య యాడ వండుతోందో నీకు తెలీదా నాయనా అని హేమ నిలదీసింది. నాకు పళ్ళెంలోకి వచ్చింది తెలుసు గానీ యాడ్నుంచి వచ్చిందో తెలీదన్నాడు. కానీ భార్య మోకాలి వైపు చూసి మెత్తబడినాడు. గొంతు సవరించుకొని ప్రకటించాడు: "రేపట్నుంచి నాకు సంగటి వద్దు. అన్నమే తింటా."

అందరం కదిలిపోయాం. ఈశ్వరమ్మ తప్ప.

"మూడు గంటలకే ఆకలైతాదని చేన్లోంచి ఫోన్ చేస్తావు. అప్పుడెవరు వండేది?" అంది. ఆయన త్యాగం సాఫ్ట్ క్లోజ్ డ్రాయర్ మూసుకున్నంతసేపు కూడా నిలబడలేదు.

హేమ ఫోన్లో సంగటి కెలికే మిషన్లు వెతకడం మొదలుపెట్టింది. మిషన్లు ఉన్నాయి, నిజమే. పెళ్ళిళ్ళలో వాడతారు. ఈ ఇంట్లో ఇద్దరికి అది పెడితే మిషనుకు ఇంకో గది కట్టాలి. నేను హేమతో అన్నాను, అక్కా, మనం అమ్మ ఎత్తు కొలిచినాము, సంగటి ఎత్తు కొలవలేదు. ఆ కొలత ఏ కేటలాగులోనూ లేదు. కెలికే చూడాల.

బండిలో ప్లైవుడ్ ముక్కలు ఉన్నాయి. ఖాదరన్న వాటిని వంటగదిలో, హాబ్ పక్కన కిటికీ కింది డ్రాయర్ల ముందు నేల మీద, ఒకదానిమీద ఒకటి పేర్చి ముక్కాలిపీట ఎత్తు చేశాడు. ఈశ్వరమ్మ పొయ్యి మీద ఎసరు పెట్టి, పిండి పోసి, గిన్నె దించి ఆ దొంతర మీద పెట్టి, నిలబడి కెలికింది. నడుం వంగిపోయింది. చాలదు. ముక్కలు పెంచాం. కానీ ఒకసారి కెలికి ముద్దైన సంగటిని మళ్ళీ కెలికి చూడలేం. కాబట్టి ఇంకో ఎసరు. ఈసారి దొంతర ఎక్కువై చేతులు పైకొచ్చాయి, కట్టెకు బలం లేదు. రెండు ముక్కలు తీసి మూడో ఎసరు.

మేమేం చేశామంటే, తిన్నాం. ఆ ఇంట్లో సంగటి పారేయరు. శనక్కాయవిత్తనాలు నూరి చేసిన ఊరిబిండి వేసుకొని మొదటి సంగటి ఇష్టంగా తిన్నాను. రెండోది మర్యాదకు తిన్నాను. మూడోదానికి ఖాదరన్న బెల్టు సడలించి, "ఈ కొలత సరిపోవల్లని అల్లాకు మొక్కుకుంటాండా" అన్నాడు.

సరిపోయింది. ఆమె తొడ సగానికి వచ్చింది గిన్నె అడుగు. చేతులు చాచినట్టే ఉన్నాయి, భుజాల బరువు తిన్నగా కట్టెలోకి దిగింది. మోకాళ్ళు వంగలేదు. గిన్నె మాత్రం తిరుగుతూనే ఉంది. నేనూ ఖాదరన్నా చెరోపక్క గుడ్డలతో పట్టుకున్నాం. రోజూ మధ్యాహ్నం మేమిద్దరం వచ్చి పట్టుకోలేం కాబట్టి, గిన్నె అడుగు కూర్చునేట్టు ఒక ఇనుప కడియం చేయించి గ్రానైటులోకి బోల్టులు వేసి బిగిస్తానన్నాను.

ఇంక ఒకటే మిగిలింది. ఈ తక్కువ గట్టుకు చోటు కావాలంటే కిటికీ కింద ఉన్న మూడు డ్రాయర్ల పెట్టె తీసేయాలి. హేమ అన్నిటికన్నా ముచ్చటపడి ఎంచుకున్నది అదే. గట్టు ఒకే గీతగా సాగాలన్నది ఆమె కోరిక. ఇప్పుడు చివర్లో మెట్టు దిగినట్టు కిందికి పడుతుంది. ఆమె ఫోన్ తీసి ఫొటోలన్నీ మళ్ళీ చూసుకుంది.

"ఇందులో ఏ వంటింట్లోనూ ఇట్ల లేదు" అంది.

"ఇందులో ఏ వంటింట్లోనూ మనుషులు గూడా లేరక్కా" అన్నాను.

ఆమె ఫోన్లోకి ఇంకోసారి చూసింది. లేరు. అమ్మ వైపు చూసింది. ఈశ్వరమ్మ ప్లైవుడ్ దొంతర పక్కన నిలబడే ఉంది, కట్టె ఇంకా చేతిలోనే. "తీసేయండి" అంది హేమ.

మరుసటి వారం ఆ పెట్టె తీసి, తక్కువ ఎత్తులో ఇంకోటి చేసి, మందమైన గ్రానైటు వేసి, హిందూపురంలో వెల్డింగ్ చేయించిన కడియం బిగించాం. మిగిలిన ఎత్తులో కింద ఒక్క డ్రాయరే పట్టింది. అందులో సంగటి కట్టె, గుడ్డలు.

దీని తరువాత నేను ఇళ్ళల్లో అడిగే ప్రశ్న మారింది. ఏం వండుతారని అడగను. మీ ఇంట్లో చెప్పుకోకుండా రోజూ చేసేదేంది అని అడుగుతాను. అందరూ ముందు ఏమీ లేదంటారు. కాసేపు కూర్చుంటే బయటికి వస్తుంది. ధర్మవరంలో ఒక ఇంట్లో అట్లే రోలు బయటపడింది, మెట్ల కింద దాచిపెట్టారు. దాన్ని గట్టు మీద పెడితే ఏమవుతుందో ముందే తెలిసింది కాబట్టి దానికీ ఒక చోటు కట్టాం. అందమైన వంటగది ఎవరైనా బిగిస్తారు. అందులో ఎవరైనా వండితేనే అది పూర్తయినట్టు.

పోయిన ఏడు చిమ్నీ శుభ్రం చేయడానికి మళ్ళీ పెనుకొండకు పోయాను. పొయ్యి సందులో ఆవగింజలు కనపడ్డాయి, ధైర్యం వచ్చింది. పెరట్లో గ్యాసు పొయ్యి ఉన్నచోట శనక్కాయ మూటలు ఉన్నాయి. మోకాళ్ళు ఎట్లున్నాయమ్మా అంటే, "అట్లే ఉండాయి. ఎక్కువైతే కాలేదు" అంది. డాక్టర్లు కూడా ఇంతకన్నా పెద్ద మాట చెప్పరు.

పైతలుపులకు, డ్రాయర్లకు ప్లాస్టిక్ కవరు ఇంకా అట్లే ఉంది. సంగటి గట్టు కింద డ్రాయరుకు మాత్రం మొత్తం పీకేసి ఉంది. మిగతావాటికి ఎప్పుడు తీస్తారమ్మా అని అడిగాను.

"పాతబడతాయి కదప్పా" అంది.

"మరి దీనికి తీసినారే?"

ఈశ్వరమ్మ ఆ డ్రాయరు తెరిచి, కట్టె తీసుకొని, తొడతో తోసి మూసింది.

"ఇది నాది కదా" అంది.