కిల్లోవారి పెద్దాయన

సాలూరు గ్రంథాలయంలో ఇంటిపేర్ల మీదున్న పుస్తకాలన్నీ చదివాను. ఊళ్లూ వృత్తులూ ఇంటిపేర్లవుతాయని వాటిలో ఉంది. పులి చచ్చిపోతే మైల పట్టే ఇంటిపేరు గురించి ఎక్కడా లేదు. అందుకే అరకులో మా మిషన్ బడికి నీళ్లు మోసిన పెద్దాయన గురించి రాస్తున్నాను.

ఆయనది కిల్లో వంశం, అంటే పులి. పులిని ఎప్పుడూ ‘మా అన్న’ అనేవాడు. ఎక్కడ పులి చచ్చినా స్నానం చేసి, వంటకుండ పగలగొట్టేవాడు.

ఆయన కూతురు రత్నం, పక్క ఊరి సైమను ఒకరినొకరు ఇష్టపడ్డారు. సైమను తాతకు బాప్తిస్మమప్పుడు పాదిరి కొత్త ఇంటిపేరు పెట్టాడు. పాతది మనవడికి తెలియదు.

పెళ్లి ఖాయం చేసుకోవడానికి పెద్దాయన సైమను ఇంటికి వెళ్లినరోజే తెల్లదొరలు కొట్టిన పులిని ఆ దారిన మోసుకుపోయారు. పెద్దాయన గెడ్డకు పోయి ఆ వాగునీళ్లలో మునిగి వచ్చేసరికి సైమను నాయనమ్మ తడిచీరతో కుండ పగలగొడుతోంది.

“ఏటి సేత్తన్నావమ్మా?” అన్నాడు.

“సచ్చిపోనాది మా ఇంటాయనకి అన్నే గదా బాబూ.”

ఒకే వంశంవాళ్లు తోబుట్టువులు. వాళ్లకు పెళ్లి కుదరదు.

“మన ఇంటిపేర్లు వేరు గదా మామా,” అన్నాడు సైమను.

“మామా అనకురా గుంటడా. ఇంక సిన్నాన్నా అను.”

ఇది రాయడానికి ఒప్పుకున్న రత్నానికి, ఆరోజు పెద్దాయన వెంట వెళ్లి, అంతా చూసి చెప్పిన దాసుకు, ఆమెను చెల్లీ అనడానికి ఇంకా నోరు రాని సైమనుకు నా కృతజ్ఞతలు.